నూనె డబ్బాలో పాలపుంత

1951 మార్చి 25న హార్వర్డ్‌లో యూయెన్, పర్సెల్ అంతరిక్షంలోని హైడ్రోజన్ పంపే 21 సెంటీమీటర్ల తరంగాన్ని మొట్టమొదటిసారి పట్టుకున్నారు. వాళ్ల పరికరం ప్లైవుడ్డుకు రాగిరేకు తాపడం చేసిన గరాటా, అదే హార్న్ యాంటెన్నా. యూయెన్ అప్పటికి పరిశోధక విద్యార్థి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలతో నేను కట్టించేదీ అలాంటిదే. థర్మోకోల్ అట్టలకు అల్యూమినియం రేకు అంటించి, అడుగున చదరపు నూనె డబ్బా బిగిస్తాం. డబ్బా లోపల అయిదు సెంటీమీటర్ల పైచిలుకు రాగితీగ. ఎందుకంత పొడవంటే, 21ని నాలుగుతో భాగించమంటాను. ఆపైన చిన్న యాంప్లిఫయరు, పెన్‌డ్రైవంత రిసీవరు, ల్యాప్‌టాప్.

కట్టడం తేలిక. అసలు చదువు మిద్దెమీద మొదలవుతుంది. తెరమీద అంతా సద్దే. ఎవరైనా హార్న్‌కు అడ్డంగా నిలబడినా గీత పైకి లేస్తుంది, మన ఒళ్లు కూడా రేడియో తరంగాలు పంపుతుంది కాబట్టి. పాలపుంత వైపు తిప్పి కొలిచినదాంట్లోంచి, దానికి దూరంగా ఉన్న ఆకాశపు కొలత తీసేస్తే 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే ఆ 21 సెంటీమీటర్ల హైడ్రోజన్ తరంగం ఉండే చోట, చిన్న మిట్ట మిగులుతుంది.

"సార్, ఇది బోరు మోటారు సద్దేమో!" అంది పుంగనూరులో ఒక అమ్మాయి. నాకు కావలసింది ఆ అనుమానమే. జవాబు ముందే తెలుసుకుని ప్రాక్టికల్ రికార్డు నింపే అలవాటు మన పిల్లల సైన్సును తినేస్తోంది. ఇక్కడ ముందే తెలిసిన జవాబు లేదు, తేల్చుకోవాలి. మోటారు కరెంటు వేళను బట్టి ఆడుతుంది. పాలపుంత రోజుకు నాలుగు నిమిషాల చొప్పున, నెలకు రెండు గంటలు ముందుగా వస్తుంది. 1930లలో రేడియో ఇంజనీరు జాన్‌స్కీ తన యాంటెన్నాలో వినిపించిన సద్దు ఆకాశానిదని తేల్చుకున్నది ఈ లెక్కతోనే. మాకు ఇంకో సాక్ష్యం కూడా ఉంది. పుంగనూరు మోటారు కుప్పంలో వినపడదు. మూడు ఊళ్లలోనూ లేచిన మిట్ట పైనుంచి వచ్చిందే.

హిందూపురం పక్కన గౌరిబిదనూరులో 1.4 కిలోమీటర్ల పొడవున డైపోల్ యాంటెన్నాలు పరిచి రేడియో టెలిస్కోపు కట్టారు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలి, కానీ సొంత హార్న్ కట్టాకే. అప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

ఈ పనికి చీకటి అక్కర్లేదు. పగలైనా, మబ్బు పట్టినా హైడ్రోజన్ అందుతుంది. ఆడపిల్లల్ని పొద్దుపోయేదాకా బడిలో ఉంచనక్కర్లేదు. హెడ్‌మాస్టర్లు బడివేళల్లో మిద్దె తాళంచెవి ఇస్తే చాలు.