డేటాబేసుకు డూపు

సినిమాలో కథానాయకుడు మేడమీదినుండి దూకవలసి వచ్చినప్పుడు నిజముగా దూకువాడు వేరొకడు. వానిని డూపు అందురు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి కూడ ఇట్టి డూపులు కలవు. గెరార్డ్ మెస్జారోస్ 2007 లో ప్రకటించిన ‘ఎక్స్‌యూనిట్ టెస్ట్ ప్యాటర్న్స్’ అను గ్రంథములో ఈ సినిమా పోలికతోనే వీనికి ‘టెస్ట్ డబుల్’ అని పేరు పెట్టినాడు. పేరు బాగుగా నాటుకొన్నది. కాని పోలిక ఒకచోట తలక్రిందులైనది. సినిమాలో ప్రమాదకరమైన పని డూపు చేయును. ప్రోగ్రాముల పరీక్షలో డూపు చేయునది సులభమైన పని. మేడపైనుండి దూకుట అసలు డేటాబేసుకే మిగిలిపోవును.

డేటాబేసు అనగా సమాచారమును క్రమముగా భద్రపరచి, అడిగినప్పుడు వెదకి ఇచ్చు ఏర్పాటు. దానిని సొంత యంత్రములో ఉంచుకొనక, ఒక పెద్ద సంస్థవారి యంత్రములలో అద్దెకు ఉంచి ఇంటర్నెట్టు ద్వారా వాడుకొనినచో అది క్లౌడ్ డేటాబేసు. అమెజాన్ సంస్థ 2012 లో ప్రారంభించిన ‘డైనమోడిబి’ ఇట్టిది. ప్రోగ్రాము వ్రాయువాడు తన పనిని దినమునకు పదులసార్లు పరీక్షించుకొనవలెను. ప్రతిసారి దూరముననున్న యంత్రమును పిలిచినచో ఆలస్యము, అద్దె, నడుమ లైను తెగిన వృథా ప్రయాస. అందుచే డూపు అవసరమైనది. ఈ అవసరమును ఆక్షేపించువారెవరును లేరు. చర్చ అంతయు డూపును నమ్మవలసిన హద్దును గురించియే.

డూపులలో అతి తేలికైనది చేతితో వ్రాసినది. దీనినే ‘మాక్’ అందురు. పైథాన్ భాషలో దీనికి కావలసిన సామగ్రి 2012 నుండి భాషతోపాటే లభించుచున్నది. “ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఈ జవాబు చెప్పుము” అని ముందుగా నేర్పిన చాలును, అది చిలుకవలె చెప్పును. ప్రత్యేకముగా కట్టడి చేయనిచో, ప్రోగ్రాములో ఆజ్ఞ పేరు తప్పుగా వ్రాసినను అది తల ఊపును!

ఒక పరీక్షా కార్యాలయము 5,000 మంది విద్యార్థుల మార్కులను డైనమోడిబిలో ఒకే శీర్షిక క్రింద ఉంచినదనుకొనవచ్చును. ఒక్కొక్కరి వివరము ఒక కిలోబైటు. మొత్తము సుమారు 5 మెగాబైట్లు. అందరి మార్కులు ఇమ్మని అడిగినచో డైనమోడిబి ఒక విడతకు 1 మెగాబైటునకు మించి ఇవ్వదు. దాదాపు వేయిమంది మార్కులు పంపి, ఎచట ఆగినదో తెలుపు గుర్తు నొకదానిని జతపరచును. ఆ గుర్తును చూపి మరల మరల అడిగిననే మిగిలినవి వచ్చును. ప్రోగ్రాము వ్రాసినవాడు ఈ సంగతి ఎరుగడు. అతడు చేసిన మాక్ ముగ్గురు విద్యార్థుల మార్కులను ఒక్క విడతలో ఇచ్చినది. గుర్తు ఊసే లేదు. పరీక్ష నెగ్గినది. అసలు పనిలో నాలుగువేల మంది లెక్కలోనికే రారు. యంత్రము పొరపాటని కేక వేయదు. సగటు మార్కు తప్పును, ప్రథమ స్థానము వేరొకరికి పోవును.

లోలకముతో ప్రయోగము చేయు విద్యార్థి గురుత్వ త్వరణము 980 రావలెనని ముందే ఎరిగి, అంకెలను దానికి సరిపోవునట్లు దిద్దుట ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. ఆ రికార్డు భూమిని గురించి ఏమియు చెప్పదు. విద్యార్థికి ఏమి తెలిసియున్నదో చెప్పును. చేతితో వ్రాసిన మాక్ అచ్చముగా ఆ రికార్డే.

దీనికంటె మేలైన డూపును అమెజాన్ వారే 2013 లో విడుదల చేసిరి. పేరు ‘డైనమోడిబి లోకల్’. ఇది చిలుక కాదు. సొంత కంప్యూటరులోనే నడచు చిన్న డేటాబేసు. ప్రశ్నల వ్యాకరణము, విడతల పద్ధతి ఇందులో సరిగానే ఉండును. మాక్‌తో పోల్చిన ఇది ఎంతో గౌరవార్హము. ఐనను ఇది ఎచట అసలుకు భిన్నమో అమెజాన్ వారి పత్రములే చెప్పుచున్నవి. అసలు డైనమోడిబిలో, మామూలుగా చదివినప్పుడు, క్షణము క్రితము వ్రాసినది కాక పాత విలువ రావచ్చును. తాజా విలువయే కావలెనని పట్టుపట్టి చదివినచో సామర్థ్యము రెట్టింపు ఖర్చగును. లోకల్‌లో వ్రాత వేగముగా ముగియుటచే సాధారణముగా తాజా విలువయే కనిపించును. ఇక రద్దీ మాట. సెకనుకు ఇన్ని చదువులు, ఇన్ని వ్రాతలు అని ముందుగా హద్దు నిర్ణయించుకొన్నచోట, మించినచో అసలు డేటాబేసు నిరాకరించును. లోకల్ ఆ హద్దును పట్టించుకొనదు. అనగా ఒకే యంత్రములో జరుగు పనిని అది చక్కగా అభినయించును. అనేక యంత్రములు, అనేకులైన వాడుకదారులు కలిసినప్పుడు పుట్టు చిక్కులను అభినయింపలేదు. క్లౌడ్ డేటాబేసులో క్రొత్తగా నేర్వవలసినవి ఆ చిక్కులే.

ఇచట మాక్ పక్షమున ఒక మాట చెప్పవలసియున్నది. అసలు డేటాబేసును “ఇప్పుడు నిరాకరింపుము” అని ఆజ్ఞాపించుట కష్టము. మాక్‌ను ఆజ్ఞాపింపవచ్చును. ఇరువదియైదు వ్రాతలను ఒక కట్టగా పంపినప్పుడు పదింటిని వెనుకకు త్రిప్పి పంపుమనవచ్చును; అసలు డైనమోడిబి రద్దీలో అట్లే చేయును. మాక్‌కు తగినది ఈ ప్రతినాయకుని పాత్ర. వ్రాయువారు దానికి సర్వదా “చిత్తము” అను సేవకుని వేషమే వేయుచున్నారు. ఆ తప్పు మాక్‌ది కాదు.

స్టీవ్ ఫ్రీమన్, నాట్ ప్రైస్ 2009 నాటి తమ గ్రంథములో, పరుల వస్తువునకు డూపు చేయరాదనియు, దానికి ముందు సొంత ద్వారమొకటి కట్టుకొని ఆ ద్వారమునకే డూపు చేయవలెననియు సూచించిరి. సలహా మంచిది. ఐనను ద్వారము కట్టినంతమాత్రమున చిక్కు తీరదు, స్థలము మారును. ద్వారమునకు ఆవలి ప్రక్క నిజముగా ఏమి జరుగుచున్నదో ఎవరో ఒకరు చూడవలెను. చూచుటకు మార్గము లేకపోలేదు. ఒకే ప్రశ్నల పట్టికను డూపునకు, అసలుకు కూడ వేసి జవాబులు పోల్చుట అది. దినమంతయు డూపుతో పని చేసి, రాత్రి ఒక్కసారి, పరీక్షకై వేరుగా ఉంచిన పట్టికలో 5,000 కల్పిత విద్యార్థుల మార్కులను నింపి అసలు డైనమోడిబిని అడిగి చూచినచో, ఆ నాలుగువేలమంది తప్పిపోయినట్లు తెల్లవారునప్పటికి బయటపడును.