తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద

వేసవి సెలవుల్లో మనవాళ్ల ప్రయాణం అరకో ఊటీయో, కాకపోతే మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి. ఇంటి దగ్గర కారెక్కితే మళ్లీ దిగేది హోటల్ ముందే. దారి పొడవునా చెట్ల మీద పండేవీ, చెట్ల కింద రాలేవీ అద్దాల అవతలే ఉండిపోతాయి. మండుటెండలో ఏముంటుంది చూడటానికి అంటారు గానీ, మన అడవికి అసలైన కాపుకాలం ఎండాకాలమే.

మార్చి నెలాఖరున ఆదిలాబాద్ జిల్లాలో గుడిహత్నూరు దగ్గర జాతీయ రహదారి వదిలి, ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూరు వైపు వెళ్లి చూడండి. చేలన్నీ ఖాళీగా, మట్టి రంగులో ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడా పెద్ద పెద్ద చెట్లు కనిపిస్తాయి. అడవి కొట్టి పొలం చేసుకున్నప్పుడు కూడా గోండులు నరక్కుండా వదిలిన ఇప్పచెట్లవి. ఏ చెట్టు కింద ఏ ఇంటివాళ్లు ఏరుకోవాలో ఊళ్లో అందరికీ తెలుసు.

ఇప్పపువ్వును కొయ్యరు, ఏరుతారు. కండగల ఆ లేత పసుపు పూలు రాత్రి మొదలుపెట్టి పొద్దెక్కేదాకా టపటపా రాలుతూనే ఉంటాయి. అందుకే చీకటి ఉండగానే బుట్టలు పట్టుకుని బయల్దేరతారు. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. మరీ తొందరపడినా ప్రమాదమే, ఎలుగుబంటికీ ఈ పువ్వంటే ప్రాణం. పూలు రాలడానికి ముందే చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి నేల శుభ్రం చేస్తారు. ఊడ్చే ఓపిక లేనివాళ్లు ఆకులకు నిప్పుపెడతారు. ఆ నిప్పు అడవిలోకి పాకితే మొలకలు మాడిపోతాయి. ఈ సంప్రదాయంలో నాకు నచ్చని పని ఇదొక్కటే. చెట్టు కింద వల పరిస్తే నిప్పూ అక్కర్లేదు, పువ్వుకు మట్టీ అంటదు.

తెచ్చిన పువ్వును వాకిట్లో పలచగా ఆరబోస్తే కొద్దిరోజులకు ఎరుపెక్కి ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. అప్పుడు నలిపితే లోపలి కేసరాలు రాలిపోతాయి. అవి పోకపోతే నోట్లో గరగర. తర్వాత దోరగా వేయించి, నువ్వులు, బెల్లం కలిపి దంచి ముద్ద చేసుకుంటే ఏడాది పొడవునా తిండే. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇదే ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. బయటివాళ్లకు ఇప్ప అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది. తెల్లదొరలకూ అంతే. సారా మీద పన్ను పోతుందని బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం చేశారు. ఆకలి తీర్చే పువ్వు కాస్తా ఆబ్కారీ సరుకైపోయింది. అటవీ ఫలసాయం ఏరుకుని అమ్ముకునే హక్కు ఆదివాసులదేనని చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది.

ఇప్ప అయిపోయే వేళకు మొర్రిపండు నల్లబడుతుంది. పైనున్న పలచటి గుజ్జు పిల్లలకు, లోపలి గింజ సంతకు. గింజల్ని నానబెట్టి, రుద్ది, ఎండబెట్టి, పెంకు పగలగొడితే వచ్చేదే మనం పాయసంలో వేసుకునే సారపప్పు. కిరాణాకొట్లో దాని ధర విని నోరు తెరుస్తాం కానీ, ఒక గుప్పెడు పప్పుకు ఎన్ని పండ్లు కావాలో చూస్తే మళ్లీ ఆశ్చర్యపోం. బీడీల ఆకుగానే పేరుపడ్డ తునికికీ తియ్యటి పసుపు పండ్లుంటాయి. పాలపండ్లు కొన్నప్పుడు ఒక్క జాగ్రత్త చాలు: తిన్నాక పెదవులు అతుక్కుంటాయి, కంగారుపడొద్దు.

మైదానంలోకి దిగితే ముంజల కాలం. ఐస్ మీద పెట్టిన ఒలిచిన ముంజలు కొనకండి, గెల పక్కన కత్తి పెట్టుకుని కూర్చున్న మనిషిని వెతకండి. కాయ తల చెక్కగానే మూడు కళ్లు కనిపిస్తాయి. బొటనవేలితో నొక్కితే దిగబడాలి, లోపల నీళ్లు కదలాలి. అలాంటిదాన్ని కాయలోంచే వేలితో తోడుకుని తినాలి. గట్టిగా తగిలిందా, ముదిరిందన్నమాట. తింటే కడుపునొప్పి. ఆ గెల దింపడానికి మోకు కట్టుకుని అంతెత్తు ఎక్కిన మనిషి ఉన్నాడు. తాటిచెట్టు తొలిసారి కాయడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. పూత వచ్చేదాకా అది ఆడచెట్టో మగచెట్టో తెలియదు. మగదైతే కాయే లేదు. పది రూపాయలు తగ్గించమని అడిగేముందు ఇదంతా ఒకసారి తలుచుకుంటే మంచిది.

నూజివీడు వైపు వెళ్తే మామిడితోటలో కోత చూడండి. చిక్కం కట్టిన గెడతో కాయ నేలను తాకకుండా దింపుతారు. తొడిమ కాస్త ఉంచి కోస్తారు, లేదంటే సొన కారి తొక్క నల్లబడుతుంది. తోటలో కాయ కోసుకోవాలనిపిస్తే కాపలా ఉన్న పెద్దాయన్ని అడగండి. అడిగినవాళ్లకు కాదనడం అరుదు. అడగకుండా చెయ్యి వేస్తే మాత్రం మాట పడాల్సిందే.

అడవిలో మాత్రం అడిగినా మీరు ఏరొద్దు. ఏరినవాళ్ల దగ్గర కొనుక్కోండి. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. చూడాలనుకుంటే ముందురాత్రి ఉట్నూరులోనే ఉండి, ఊరివాళ్లు బయల్దేరేటప్పుడు వాళ్లతో కలిసి వెళ్లండి. ఎండెక్కాక వెళ్తే ఊడ్చిన నేల తప్ప ఏమీ మిగలదు.