రెండు గడుల పాఠం

అమెరికా చరిత్ర పేపరుకు పిల్లలు కొనుక్కొచ్చే గైడ్లలో పదాలన్నీ వరసగా ఉంటాయి. గిల్డెడ్ ఏజ్, ప్రోగ్రెసివ్ యుగం, న్యూ డీల్, మెకార్తీయిజం. ఒక్కోదానికి నాలుగు వాక్యాలు. బట్టీ కొట్టినా మార్కులు పడతాయి, అది వేరే సంగతి. కోవూరులో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పే నేను ప్రతి పదం పక్కనా రెండు గడులు గీయిస్తాను: దీనివల్ల లోపలికొచ్చింది ఎవరు, బయట మిగిలింది ఎవరు? న్యూ డీల్ అనగానే పేదల పక్షమని రాసేస్తారు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం పొలం కూలీలనూ ఇంటి పనివాళ్లనూ వదిలేసిందని రెండో గడిలో పడేసరికి పెన్నులు ఆగుతాయి. మాది వరి పండే ఊరు మరి.

అసలు సందడి వలస చట్టాల దగ్గర. 1882లో చైనా కూలీలను రానివ్వకూడదన్నారు. 1917లో ‘ఆసియాటిక్ బార్డ్ జోన్’ పెట్టి మనల్నీ అందులో కలిపారు. చదువుకోను వచ్చేవాళ్లకు మాత్రం మినహాయింపు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో హార్వర్డ్‌కు వెళ్లింది చదువుకే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషిని కూడా ‘తెల్లవాడు కాదు, పౌరసత్వం లేదు’ పొమ్మంది సుప్రీంకోర్టు. 1946లో లూస్-సెల్లర్ చట్టంతో పౌరసత్వానికి వీలు దొరికింది, కోటా మాత్రం భారతదేశం మొత్తానికి ఏడాదికి వంద మంది! లెడర్లీ ల్యాబ్‌లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పరిశోధనను నడిపించిన సుబ్బారావు 1948లో అమెరికా పౌరుడు కాకుండానే పోయారు.

1965 హార్ట్-సెల్లర్ చట్టం జాతీయ కోటాలు ఎత్తేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ తర్వాతే గుంపులుగా వెళ్లారు. హెచ్-1బి ఉద్యోగ వీసా 1990 చట్టంతో వచ్చింది. ఇక్కడినుంచి పాఠం నా చేతిలో ఉండదు. మా వీధుల్లో మిల్లుకు తోలిన బస్తాల లెక్క తప్పుతారేమో గానీ, అక్క కొడుకు గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేటు తప్పు చెప్పరు.

మొన్న ఒకమ్మాయి లేచింది. “సార్, కోటాలు 1965లోనే తీసేస్తే మా అన్న గ్రీన్‌కార్డు లైన్లో ఎందుకున్నాడు?”

దేశాలవారీ కోటా పోయినా ఏ దేశానికైనా ఒకటే గరిష్ఠ పరిమితి పెట్టారనీ, 1990 చట్టం దాన్ని గ్రీన్‌కార్డుల్లో ఏడు శాతం చేసిందనీ, చిన్న దీవికీ ఇండియాకీ అదే లెక్కనీ చెప్పాను. రెండో గడిలో అన్న పేరు రాసుకుంది. ఆ సాయంత్రం మెకార్తీ దాకా పోలేకపోయాం.