మంట పెట్టే శుభ్రం

మదనపల్లె మార్కెట్లో పట్టుగూళ్లు అమ్ముడుపోయిన రోజు రైతు ఇంట్లో అందరూ రేటు గురించే మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఆ తర్వాతి పని మీదే ఆసక్తి. అంగళ్లు ఊరి చుట్టుపక్కలే కాదు, పుంగనూరు, కుప్పం వైపు కూడా పురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలను షెడ్డు బయట నిలబెట్టి ఫ్లేమ్ గన్‌తో కాలుస్తారు.

గూళ్లు విడిపించాక చంద్రికకు సన్నటి పట్టు పీచు మిగిలిపోతుంది. గూడు కట్టేముందు పురుగు ఆసరా కోసం అల్లుకున్న పోగులవి. చేత్తో పీకితే తెగుతాయి తప్ప ఊడిరావు. మంట తగిలితే చిటికెలో ముడుచుకుపోతాయి. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, పట్టు కూడా ప్రొటీనే కదా. చీర కొనేవాళ్లు పోగు కాల్చి అసలు పట్టో కాదో తేల్చుకునేదీ ఈ వాసనతోనే.

పీచు పోవడం పైకి కనిపించే లాభం. కనిపించనిది రోగం పోవడం. గ్రాసరీ అనే జబ్బు సోకిన పురుగు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం కారుస్తుంది. అందులోని వైరస్ ఎండిపోయినా చావదు, వెదురు సందుల్లో తర్వాతి పంట కోసం కాచుకుంటుంది. "శుభ్రంగానే ఉండాది కదవ్వా, మళ్లా కాల్చేదెందుకు?" అని ఒక పెద్దామెను అడిగితే, "కనపడేదయితే పొరకతోనే పోతుంది గదప్పా!" అంది. 1865లో ఫ్రాన్సులో పట్టుపురుగుల జబ్బు వెంటపడ్డ పాశ్చర్ కూడా, గుడ్లు పెట్టిన తల్లి రెక్కల పురుగును మైక్రోస్కోపు కింద చూస్తేగానీ పెబ్రిన్ అనే ఆ జబ్బు జాడ తెలియదని తేల్చాడు.

ఈ పనికి చెయ్యి కుదరాలి. మంట ఒకేచోట ఆగితే వెదురు బద్ద నల్లబడి పెళుసెక్కుతుంది. తొందరపడితే పీచు పోతుంది, రోగం మిగులుతుంది. చంద్రికలకు బదులు వాడే ప్లాస్టిక్ నేత్రికలను కాల్చలేం. వాటికీ, గోడలకూ 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లు వాడతారు. బోద కప్పు దగ్గర ఫ్లేమ్ గన్ వెలిగించడమంటే కొంప అంటించుకోవడమే.

తర్వాతి పంటకు చాకీ పురుగులు, అంటే పిల్ల పురుగులు, వచ్చే తేదీ ముందే ఖాయమైపోతుంది కాబట్టి, తీరిక లేనప్పుడు కోత పడేది ఈ పనికే. దీని కూలీని, గ్యాసును అమ్మేసిన పంట ఖాతాలో రాస్తే దండగలాగే కనిపిస్తుంది. రాబోయే పంట ఖాతాలో, ఆకు కంటే, పురుగు కంటే ముందు మొదటి పద్దుగా రాసుకోవాలి.