రెండు ఇళ్ల తాళాలు చేతిలో ఉండే వారం

నెలాఖరు ఆదివారం హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్, విద్యానగర్ సందుల్లో తిరిగితే మలుపు మలుపుకీ సామాన్లు నింపుకుంటున్న ట్రాలీ ఆటో కనిపిస్తుంది. చుట్టి కట్టిన పరుపులు, కూలరు, తెలుగు అకాడమీ పుస్తకాలు కుక్కిన అట్టపెట్టెలు, బకెట్టులో సర్దిన గిన్నెలు, అన్నిటి మీదా ఒక టేబుల్ ఫ్యాను. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు మెట్లెక్కుతూ దిగుతూ చెమటలు కక్కుతుంటారు. పొద్దున పాత గది ఖాళీ చెయ్యాలి, చీకటి పడేలోగా కొత్త గదిలో దిగాలి, ఒక్కరోజు అద్దె కూడా రెండు చోట్లా పడకూడదు. గది మారే విద్యార్థుల లెక్కంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. చూడ్డానికి పొదుపుగా కనిపించే ఈ సూత్రమే వాళ్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తోందని నా అభిప్రాయం. గది మారాలనుకున్న రోజున కాగితం మీద మొదట రాసుకోవాల్సింది పాత ఇంటి తాళమూ కొత్త ఇంటి తాళమూ రెండూ చేతిలో ఉండే ఒక వారం. ట్రాలీ, మూటలు, తాళ్లు ఆ తర్వాతి సంగతి.

ముందు పాత ఇంటి వైపు నుంచి చూద్దాం. హైదరాబాద్‌లో విద్యార్థులకు ఇచ్చే పోర్షన్లకు ఎక్కువ చోట్ల రెండు నెలల అద్దె అడ్వాన్సు, ఖాళీ చేసే ముందు నెల రోజుల నోటీసు, వెళ్లేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె దాకా కోత అన్నది ఆనవాయితీ. రాసుకున్న కాగితంలో ఉన్నా లేకపోయినా ఇది అమలవుతూనే ఉంటుంది. నెలకు పన్నెండు వేల అద్దెకు ముగ్గురు ఉంటున్నారనుకోండి. ఓనర్ దగ్గర ఇరవై నాలుగు వేలు ఉంటాయి. రంగులకు ఎంత, విరిగిన కుళాయికి ఎంత, గోడకు కొట్టిన మేకులకు ఎంత అన్న బేరం జరిగేది ఎప్పుడు? సామానంతా ట్రాలీకి ఎక్కాక, డ్రైవరు హారన్ కొడుతుండగా, కొత్త ఇంటి వాచ్‌మెన్ రెండోసారి ఫోన్ చేస్తుండగా. బేరంలో ఎవరికి తొందర ఉంటే వాళ్లే ఓడిపోతారు. ఓనర్‌కి ఆ రోజు ఏ తొందరా ఉండదు. అదే గది ఖాళీగా, ఊడ్చి, తుడిచి, ఇంకా నాలుగు రోజుల గడువుతో ఉన్నప్పుడు పగటి వెలుతురులో ఆయన్ని పిలిచి చూపిస్తే మాట వేరుగా ఉంటుంది. గోడ బాగానే ఉందా, మరక ఎక్కడుంది, కుళాయి బాగు చేయించి ఇస్తే సరిపోతుందా అన్నవి నిదానంగా తేలతాయి. కరెంటు మీటరు రీడింగు ఇద్దరూ కలిసి చూసి ఫోటో తీసుకోవచ్చు. చిన్న మరమ్మతు అయితే ఎలక్ట్రీషియన్‌ను మనమే పిలిపించి చేయించవచ్చు. కోతను పూర్తిగా ఆపలేకపోయినా, దేనికి ఎంత అన్న వివరం అడిగే వ్యవధి దొరుకుతుంది.

కొత్త ఇంటి వైపు ఈ వారం విలువ ఇంకా ఎక్కువ. విద్యార్థి గది చూసేది సాధారణంగా క్లాసులు అయ్యాక, సాయంత్రం, పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో లైటు వెలుగుతుందో లేదో తెలుస్తుంది గానీ నీళ్ల సంగతి తెలియదు. నగరంలో చాలా కాలనీల్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతాది బోరు మీద ఆధారం. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరు తెప్పిస్తారు, ఆ ఖర్చు అద్దెదారుల మీద పంచుతారు. మేడ మీద కట్టిన ఒంటి గదిని పెంట్‌హౌస్ పేరుతో తక్కువ అద్దెకు ఇస్తారు. సాయంత్రం గాలికి అది బ్రహ్మాండంగా ఉంటుంది, ఏప్రిల్ మధ్యాహ్నం అందులో కూర్చుని చదవడం సాధ్యమో కాదో మధ్యాహ్నం వెళ్లి నిలబడితేనే తెలుస్తుంది. గోడ వెనక చెమ్మ, బాత్రూమ్ డ్రైనేజీ, లోపలి గదిలో ఫోన్ సిగ్నల్, కింద షాపు షట్టరు చప్పుడు, చివరి క్లాసు అయ్యాక దొరికే చివరి బస్సు కూడా అక్కడ ఒక రాత్రి పడుకుని ఒక పొద్దున లేస్తేనే అర్థమవుతాయి. సామాను దింపక ముందే ఖాళీ గదిని నాలుగు వైపులా ఫోటోలు తీసి, పగుళ్లూ కారే కుళాయిలూ రంగు ఊడిన చోట్లూ గుర్తించి, అదే రోజు ఓనర్‌కి వాట్సాప్‌లో పంపాలి. రెండేళ్ల తర్వాత ఈ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ తేదీ ఉన్న ఫోటోలే సాక్ష్యం. మంచాలూ అట్టపెట్టెలూ నిండాక తీసిన ఫోటో ఎందుకూ పనికిరాదు.

చట్టం ఈ విషయంలో విద్యార్థిని ఎంతవరకు కాపాడుతుంది? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ శ్రమా లేకుండా పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోవడం దేశమంతా అలవాటైంది. విద్యార్థుల విషయంలో ఆ కాగితం కూడా చాలాసార్లు ఉండదు, నోటి మాటతోనే గది ఇస్తారు. వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు నివాసపు అద్దెను నెలనెలా సాగేదిగా పరిగణించి, పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించకూడదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం అంటోంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. బెంగళూరులో చదువుకునే మన పిల్లలకు ఆరు నెలలు, పది నెలల అడ్వాన్సు అడిగే ఓనర్లు ఇప్పటికీ ఎదురవుతున్నారు. పైగా ఎనిమిది వేల కోసం కోర్టు మెట్లెక్కే విద్యార్థి ఎవరుంటారు? అందుకే చట్టం కంటే ముందు తేదీలను నమ్ముకోమంటాను. నోటీసు నోటితో చెప్పినా, అదే మాట వెంటనే మెసేజీగా పంపి జవాబు తెప్పించుకోవాలి. నెల అంటే నోటీసు ఇచ్చిన రోజు నుంచి నెలా, ఒకటో తారీకు నుంచి ఒకటో తారీకు దాకా నెలా అన్నది ఆ మెసేజీలోనే తేల్చుకోవాలి. పదో తారీకున నోటీసు ఇచ్చి వచ్చే నెల పదికి వెళ్లిపోదామనుకునే విద్యార్థి దగ్గర ఆ నెల అద్దె మొత్తం వసూలు చేయడం చాలా ఇళ్లలో జరిగేదే. అడ్వాన్సు చేతికి ఇవ్వకుండా యూపీఐలో పంపితే దానికీ ఒక రాత ఉంటుంది.

ఇక్కడ సహజంగా వచ్చే అభ్యంతరం డబ్బు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని పిల్లలు, ఇంటి నుంచి నెలకింత అని తెచ్చుకునే పిల్లలు రెండిళ్లకు అద్దె కట్టమంటే ఎక్కడి నుంచి తెస్తారు? న్యాయమైన ప్రశ్న. కానీ లెక్క వేసి చూడాలి. పన్నెండు వేల అద్దె ఇంటికి వారం రోజులంటే రెండువేల ఎనిమిది వందలు, ముగ్గురు పంచుకుంటే మనిషికి వెయ్యి లోపే. ట్రాలీ పక్కన నిలబడి ఒప్పుకున్న నెల అద్దె కోత మనిషికి నాలుగు వేలు. ఇష్టం లేని గదిలో దిగి రెండు నెలలకే మళ్లీ మారాల్సి వస్తే పడేది మళ్లీ కిరాయి, మళ్లీ నోటీసు నెల, బ్రోకర్ ద్వారా అయితే మళ్లీ కమిషన్. ఇంకో మాట కూడా ఉంది. వారం ఉంటే సామాను ఒకేసారి మోయనక్కర్లేదు. బట్టలూ పుస్తకాలూ రోజూ కాలేజీకి వెళ్లి వచ్చేటప్పుడు బ్యాగుల్లో బస్సులోనో మెట్రోలోనో చేరిపోతాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లికి మారే వాళ్లకు రెండూ ఒకే మెట్రో లైను మీద ఉన్నాయి, దిగి మారే పని కూడా లేదు. చివరికి మిగిలేది మంచం, పరుపు, కూలరు, బియ్యం డబ్బా, పొయ్యి. వాటికి టాటా ఏస్ అక్కర్లేదు, మూడు చక్రాల ట్రాలీ ఒక్క ట్రిప్పు చాలు. దాన్ని ఊరంతా గదులు మారే నెలాఖరు ఆదివారం కాకుండా మధ్య వారంలో, ఆఫీసుల రద్దీ తగ్గాక పిలుచుకుంటే బేరమాడే వీలుంటుంది. ఈ మిగులు ఆ వారం అద్దెలో కొంత భాగాన్నయినా తిరిగి ఇస్తుంది.

ఓనర్లు ఒప్పుకోరన్నది రెండో అభ్యంతరం. బ్యాచిలర్లకు ఇల్లివ్వడమే గొప్ప అనుకునే చోట ముందుగా తాళమెలా ఇస్తారని అడుగుతారు. అడ్వాన్సు చేతికి వచ్చాక, ఇల్లు ఎలాగూ ఖాళీగానే ఉన్నప్పుడు, ఇరవై నాలుగో తారీకున తాళమిచ్చి ఒకటో తారీకు నుంచి అద్దె లెక్కవేసే ఓనర్లు కొందరైనా ఉన్నారు. అడగని వాళ్లకు మాత్రం ఎవరూ ఇవ్వరు. అడ్వాన్సు ఇచ్చాక అడిగితే అది బతిమాలడం అవుతుంది, ఇచ్చే ముందు అడిగితే షరతు అవుతుంది. పాత వాళ్లు ఇంకా ఖాళీ చేయని ఇల్లయితే ఇది కుదరదు, అప్పుడు పాత ఇంట్లోనే నాలుగు రోజులు ఎక్కువ ఉండి రోజుల లెక్కన కడతామని అడగడం ఒక్కటే దారి. ఇంకా మన ముహూర్తాలున్నాయి. ఆషాఢంలో, పుష్యంలో కొత్త ఇంట్లో పాలు పొంగించరు. మంగళవారం దిగనివ్వరు, శుక్రవారం ఖాళీ చెయ్యనివ్వని ఇళ్లు కూడా ఉన్నాయి. విద్యార్థికి ఈ పట్టింపులు లేకపోయినా ఓనరమ్మకు ఉంటే ఉన్నట్టే. ఆషాఢంలో ఇళ్లు చవగ్గా దొరుకుతాయని కొందరంటారు. నాకు పూర్తి నమ్మకం లేదు, ఎందుకంటే దిగేవాళ్లు తగ్గినప్పుడు ఖాళీ చేసేవాళ్లూ తగ్గుతారు. అయితే శ్రావణం రాగానే ఎగబడే రద్దీ నిజం. ఒక్క రోజులో మారాలనుకునే వాళ్లకు ఈ వారాలూ తిథులూ పెద్ద అడ్డంకి. వారం చేతిలో ఉంటే అందులో అందరికీ నచ్చే రోజు ఒకటి ఎలాగూ దొరుకుతుంది, ఓనరమ్మతో వాదన తప్పుతుంది.

అన్నిటికంటే చిక్కయిన విషయం రూమ్మేట్లది. నలుగురున్న ఇంట్లో ఒకరు చదువు ముగించి వెళ్తారు, వాళ్ల చోట చేరిన వ్యక్తి అడ్వాన్సులో వాళ్ల వాటా వాళ్లకే ఇస్తాడు. ఏడాది తర్వాత ఇంకొకరు మారతారు. ఇలా మూడేళ్లు గడిచేసరికి ఓనర్‌కి మొదట డబ్బిచ్చిన వాళ్లెవరూ ఆ ఇంట్లో ఉండరు, ఆయన ఫోన్లో ఉన్న పేరు ఎప్పుడో ఉద్యోగంలో చేరి వెళ్లిపోయిన సీనియర్‌ది. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ డబ్బు ఎవరిదో నిరూపించుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. రూమ్మేటు మారిన ప్రతిసారీ ఓనర్‌కి ఒక మెసేజీ పంపడం, అందులో ఇప్పుడు ఎవరెవరి వాటా ఎంతో రాయడం నిమిషం పని, కానీ చేసేవాళ్లు తక్కువ. కలిసి కొన్న ఫ్రిజ్జు, కూలరు, ఇండక్షన్ స్టవ్ కూడా ఇంతే. ఎవరు తీసుకెళ్తారు, మిగతావాళ్లకు ఎంతిస్తారు అన్నది ట్రాలీ వచ్చాక మొదలైతే రెండేళ్ల స్నేహం ఒక గంటలో చెడుతుంది. నోటీసు ఇచ్చిన రాత్రే నలుగురూ కూర్చుని జాబితా రాసుకోవాలి. ఒక్కరోజు తరలింపులో ఇంకో అన్యాయం కూడా ఉంది. పరీక్ష ఉన్నవాళ్లు, ఒంట్లో బాగోలేనివాళ్లు, ఊరెళ్లినవాళ్లు తప్పుకుంటే బరువంతా మిగిలిన ఒకరిద్దరి మీద పడుతుంది. వారం మీద పరిస్తే ఎవరి వంతు వాళ్లు చేయగలుగుతారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకైతే చదువు తెగదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చునే అభ్యర్థికి గంట చదువు ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. మూటలు కట్టిన గదిలో పుస్తకం ఏ పెట్టెలో ఉందో తెలియక పోయే మూడు రోజులను ఎవరూ ఖర్చుగా రాసుకోరు, నేను మాత్రం అదే పెద్ద ఖర్చంటాను.

ఈ వాదన హాస్టళ్లకూ పీజీలకూ ఇంత బలంగా వర్తించదని ఒప్పుకోవాలి. అక్కడ ఒక మంచం, ఒక అల్మారా, రెండు సూట్‌కేసులు. నెల మధ్యలో మారినా మోసేది తక్కువ. అక్కడ అడగాల్సినది వేరు: చేరేటప్పుడు కట్టిన డిపాజిట్‌లో మెయింటెనెన్స్ పేరుతో ఎంత పట్టుకుంటారు, నోటీసు ఎన్ని రోజులు, రసీదు ఇస్తారా. హాస్టల్ నుంచి మొదటిసారి గదికి మారేవాళ్లకు మాత్రం ఒక రెండు రోజులైనా ఎడం ఉండాలి. వంట లేని చోటి నుంచి వంట ఉన్న చోటికి వెళ్తున్నారు. అడ్రస్ రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీద దొరికే అయిదు కిలోల చిన్న సిలిండరు తెచ్చుకోవడం, పొయ్యి బిగించుకోవడం, నీళ్ల క్యాను వేసేవాళ్లను మాట్లాడుకోవడం సామానుతో పాటు ఒకే సాయంత్రం అయ్యే పనులు కావు.

పిల్లల్ని నగరానికి పంపిన తల్లిదండ్రులకు ఒక మాట. కాలేజీ ఫీజు, ల్యాప్‌టాప్, కోచింగ్ ఖర్చు రాసే చోటే గది మారే ఏడాదికి ఒక వారం అదనపు అద్దె కూడా రాయండి, అది దండగ ఖర్చని పిల్లల్ని కోప్పడకండి. ఇల్లద్దెకిచ్చే వాళ్లకు ఇంకొక మాట. ఖాళీగా ఉన్న గది తాళం నాలుగు రోజులు ముందివ్వడం వల్ల మీకు పోయేది దాదాపు ఏమీ లేదు. ఖాళీ చేసే పిల్లలకు రావాల్సిన అడ్వాన్సు, కోతలేవైనా ఉంటే వాటి వివరంతో సహా, తాళం తీసుకున్న రోజే లెక్క తేల్చి ఇవ్వండి. వాళ్లు కొత్త ఇంటికి కట్టాల్సిన అడ్వాన్సు చాలాసార్లు ఆ డబ్బే.