కథకునికి ఇరువైపుల: బుర్రకథ సంచారంలో వంతల స్థానం

మన కచేరీలలో ‘వంత పాడటం’ నిందావాచకంగా చెల్లుబాటు అవుతున్నది. పై అధికారి ఏమన్నా ఔనని తల ఊపేవాణ్ణి ఆ మాటతో ఎత్తిపొడవడం పరిపాటి. బుర్రకథను దగ్గర కూర్చుని విన్నవారికి ఈ వాడుక వింతగా తోచక మానదు. అక్కడి వంత అడ్డుపడేవాడు, ప్రశ్నించేవాడు, కథకుడు వీరావేశంలో మింటికి ఎగురుతుంటే కాలు పట్టి నేలకు దింపేవాడు.

బుర్రకథ స్వరూపం పాఠకులకు సుపరిచితమే అయినా, ప్రస్తుత చర్చకు కావలసినంత మేరకు స్మరించుకోవలసి ఉన్నది. మధ్య నిలిచే కథకుని భుజాన తంబుర, చేతి వ్రేళ్ళకు అందెలు. ఇరుప్రక్కల గుమ్మెటలు పట్టిన ఇద్దరు వంతలు. కథకుని చరణం ముగియగానే వారు ‘తందాన తాన’ అందుకుంటారు. ఆ కొద్ది క్షణాలలోనే కథకుడు ఊపిరి తీసుకుని, తరువాతి ఘట్టానికి అడుగు మార్చుకుంటాడు. గంటల తరబడి ఆడుతూ పాడుతూ సాగవలసిన కథకు ఈ విరామాలే ఆయువుపట్టు. వంతలలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. హాస్యపు వంత సభలోని అమాయక శ్రోత తరఫున సందేహాలు అడుగుతాడు. రాజకీయపు వంత పలనాటి నాయకురాలి వృత్తాంతం నడుస్తుండగానే నిన్నటి బియ్యం ధర ప్రస్తావన తెస్తాడు. పూర్వపు జంగం కథలలో ఇంటి స్త్రీలే గుమ్మెటలు పట్టి వంతలుగా నిలిచేవారు. 1940ల నాటి దళాలలో ఆ స్థానాలు చాలావరకు పురుషులకు సంక్రమించాయి. మోటూరి ఉదయం ప్రభృతుల మహిళా దళాలు వెలసినప్పుడు జనం దానిని కొత్త సాహసంగా చూశారు గాని, స్త్రీలు తమ పాత వేదికకే తిరిగి వచ్చారని, అదీ ఈసారి మధ్య స్థానంతో సహా వచ్చారని అనుకోవడం సమంజసం.

1943లో బొంబాయిలో ఇప్టా అవతరించడం, ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలి ఏర్పడి బుర్రకథను ఊరూరా నడిపించడం విదితమే. ఈ ఉద్యమానికి ముఖంగా నిలిచినవాడు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టి, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు వంటి కథలను వేలాది శ్రోతలకు వినిపించి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూసిన ఆయన జీవితం ‘పింజారి’ అనే గ్రంథంగా కూడా వెలువడింది. ఆ గౌరవం సర్వథా తగినదే. నా అభ్యంతరం మన విమర్శ పద్ధతి మీద. బుర్రకథపై వ్యాసం అనగానే కథకుని గళం, కథకుని అభినయం, కథకుని రచన అన్న మూడు శీర్షికలతో అది పూర్తవుతున్నది. వంతలకు దక్కేది ‘తదితరులు’ అన్న ఒక్క మాట.

ఒక ఊరి నుండి మరొక ఊరికి సంచరించే కళ విషయంలో ఈ లోపం చిన్నది కాదు. కథకుడు మోసుకువెళ్ళేది దాదాపు స్థిరమైన పాఠం. బాలచంద్రుడు ఏ ఊళ్ళోనైనా ఒకే విధంగా యుద్ధానికి వెళతాడు. ఊరు మారినప్పుడు మారేది వంతల మాట. ఆ ఊరి కరణం, ఆ ఊరి చౌకధరల దుకాణం, ఆ యేటి పంట, ముందువరుసలో కూర్చున్న పెద్దమనిషి కండువా, ఇవన్నీ వారి సంభాషణలోకి వచ్చిపోతుంటాయి. కనుక ఒక దళపు సంచారచరిత్ర ప్రధానంగా దాని వంతల చరిత్రే అవుతుంది. అచ్చయిన బుర్రకథ పుస్తకాలలో వంతల మాటలు లేకపోలేదు. అయితే అవి నమూనాకు చేర్చినవి, ఏ ఊరికీ చెందనివి.

ఈ సందర్భంలో బహుదూరపు ఉదాహరణ ఒకటి పరిశీలించడం అప్రస్తుతం కాదు. 1970ల మధ్యకాలంలో, నిరుద్యోగం పెరుగుతున్న బ్రిటన్‌లో పంక్ రాక్ అనే సంగీతం తలెత్తింది. పాండిత్యాన్ని తృణీకరించి, రెండు మూడు నిమిషాల పాటలతో, చెవులు గింగురుమనే ధ్వనితో ధిక్కారం పలికిన సంగీతం అది. మన సంగీతాభిమానికి అది కర్ణకఠోరం. ఈ వ్యాసకర్తకూ అందులో చాలా భాగం అంతే. కాని ఆ బృందాల చరిత్రను వ్రాసినవారి శ్రద్ధ మాత్రం మెచ్చదగినది. ఏ బృందం ఏ రాత్రి ఏ ఊళ్ళో పాడినదో, అంతకు ముందు అదే వేదిక ఎక్కిన సహాయ బృందాలు ఏవో తేదీలవారీగా నమోదు చేసిపెట్టారు.

ఆ పట్టికలు చదువుతుంటే చరిత్ర నడక కంటికి కడుతుంది. 1976 డిసెంబరులో సెక్స్ పిస్టల్స్ బృందం ‘అనార్కీ’ యాత్రకు బయలుదేరినప్పుడు వెంట ఉన్నవారిలో ద క్లాష్ ఒకటి, కేవలం సహాయ బృందంగా. ఐదు నెలలు తిరగకుండానే, 1977 మే నెలలో, అదే క్లాష్ ‘వైట్ రయట్’ పేరిట ప్రధాన బృందంగా బయలుదేరింది. ఈసారి సహాయ బృందాలుగా వచ్చినవారు ద జామ్, మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్, సబ్‌వే సెక్ట్, యువతులే సభ్యులైన ద స్లిట్స్. ఈ స్లిట్స్ తొలి ఆల్బమ్ 1979లో గాని రాలేదు. అంటే రికార్డుల జాబితాలు మాత్రమే చూచే చరిత్రకారునికి 1977లో వారు లేనట్లే లెక్క. యాత్రల పట్టిక చూచేవానికి ఉన్నారు. 1981లో న్యూయార్క్ నగరంలో బాండ్స్ అనే చోట క్లాష్ వరుసగా 17 ప్రదర్శనలు ఇచ్చినప్పుడు, నల్లజాతి యువకుల ర్యాప్ బృందమైన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌ను తమకు ముందుగా వేదిక ఎక్కించింది. ప్రేక్షకులు గేలిచేసి వస్తువులు విసిరారు. తరువాతి దశాబ్దాలలో లోకాన్ని ఏలినది ఆ విసుర్లు తిన్న సంగీతమే అన్నది వేరే చెప్పనక్కరలేదు.

ప్రభుత్వాలకూ ఈ యాత్రలకూ ఉన్న సంబంధం మరింత ఆసక్తికరం. ‘అనార్కీ’ యాత్ర మొదలయ్యే తరుణంలో సెక్స్ పిస్టల్స్ సభ్యులు టెలివిజన్‌లో ఆడిన అసభ్యపు మాటలు దేశమంతటా దుమారం లేపాయి. పర్యవసానంగా అత్యధిక ప్రదర్శనలు రద్దయినాయి. డార్బీ నగరపాలకులు తమ సమక్షంలో ముందుగా పాడి చూపితేనే అనుమతి ఇస్తామన్నారు. వారు హాలులో కూర్చుని ఎదురుచూచారు. సెక్స్ పిస్టల్స్ రాలేదు. (ఖాళీ వేదిక ఎదుట నిరీక్షించిన ఆ సభ్యుల పట్ల, ప్రభుత్వోద్యోగిగా, నాకు కొంత సానుభూతి లేకపోలేదు.)

సరిగ్గా అంతకు నూరేళ్ళ ముందు, 1876లో, మన దేశంలో నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. ప్రదర్శనను నిషేధించడానికి, నాటక పాఠాన్ని ముందుగా తెప్పించుకుని చూడడానికి అది ప్రభుత్వానికి అధికారమిచ్చింది. స్వాతంత్ర్యానంతరం కూడా చిరకాలం పుస్తకాలలో నిలిచి, 2018లో అది రద్దయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకం నిషేధానికి గురికావడం, బుర్రకథ దళాలు పోలీసుల ఆంక్షలను ఎదుర్కొనడం తెలుగు పాఠకులు ఎరిగినదే. నాటకం విషయంలో ఈ విధానం పనిచేయవచ్చు. బుర్రకథలో పరిశీలనకు అందేది కథకుని పాఠం మాత్రమే. బొబ్బిలి కోట ముట్టడిలో ఏ అధికారీ తప్పుపట్టగలిగినది ఉండదు. రాజకీయపు వంత ఆ రాత్రి ఏమంటాడో ఆ కాగితంలో ఉండదు. అతనికే సాయంత్రం దాకా తెలియకపోవచ్చు. అధికారులు భయపడినది కథకుని కీర్తికే అయినా, వారికి చిక్కనిది వంత మాటే అని నా అభిప్రాయం.

సంచారచరిత్ర అంటే బృందం పేర్లతోపాటు ఆగిన ఊళ్ళూ, విన్న జనమూ లెక్కకు రావాలి. ఆంధ్ర జిల్లాల సరిహద్దుల దగ్గరే మన కళాచరిత్రలు ఆగిపోతుండగా, తెలుగు శ్రోత ఆ సరిహద్దులను ఎన్నడో దాటాడు. ఇందుకు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ కంటే మంచి నిదర్శనం దొరకదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ కూడలిని, కర్మాగారాన్ని నెలకొల్పింది. 1900లో కలకత్తా వైపు మార్గం కలిసింది. 1902లో వాల్తేరు నుండి కటకం వరకు ఉన్న తూర్పుతీర మార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. అటుపై విశాఖ, గంజాం మండలాల నుండి తెలుగువారు ఈ పట్టణానికి తరలివచ్చి, కర్మాగారంలో, లోకో షెడ్లలో, లైన్లపై కుదురుకున్నారు. 1927 నాటి ప్రసిద్ధ రైల్వే సమ్మెకు ఈ ఊరే కేంద్రం. బరంపురానికి చెందిన మన వి.వి. గిరి కార్మికనాయకునిగా ఎదిగినది ఈ రైల్వే ఉద్యమంలోనే. తరతరాలుగా ఇక్కడి తెలుగువారు బెంగాలీ జాత్రనూ, హిందీ సినిమానూ, తమ తెలుగు పద్యాన్నీ ఒకే చెవితో విన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించడానికి నిర్ణయించినప్పుడు గాని మన పత్రికలు ఈ ఊరిని పెద్దగా తలచుకోలేదు.

బుర్రకథకూ ఈ ప్రాంతానికీ ఉన్న బంధం మరొకటి ఉన్నది. 1942 అక్టోబరు 16న వచ్చిన తుపాను నాటి మిడ్నపూర్ జిల్లాలోని కాంతీ, తమ్లుక్ ప్రాంతాలను తుడిచిపెట్టింది. మరుసటి సంవత్సరం బెంగాల్ కరువు. మృతుల సంఖ్య 30 లక్షల దాకా ఉంటుందని అంచనా. చిత్తప్రసాద్ మిడ్నపూర్ గ్రామాలు తిరిగి గీసిన బొమ్మల పుస్తకం ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని ధ్వంసం చేసింది. 1944లో బిజన్ భట్టాచార్య ‘నబాన్న’ రంగస్థలానికి ఎక్కింది. ఇటు దక్షిణాన నాజర్ ‘బెంగాల్ కరువు’ను బుర్రకథగా చెప్పాడు. మిడ్నపూర్ ఆకలి ఆ విధంగా కృష్ణా తీరానికి చేరింది.

ఈ కథను తెనాలి శ్రోతల ఎదుట, ఖరగ్‌పూర్ రైల్వే వాడలోని తెలుగు శ్రోతల ఎదుట ఊహించి చూడండి. కథకుని పాఠం రెండుచోట్లా ఒకటే. తెనాలిలో కరువు దూరదేశపు వార్త. అక్కడ రాజకీయపు వంత చేయవలసిన పని ఆ వార్తను స్థానికపు ధాన్యపు కొట్ల దాకా, నల్లబజారు దాకా లాక్కురావడం. ఖరగ్‌పూర్‌లో కరువు జనం పోగయ్యే చోటు రైలు ప్లాట్‌ఫారమే. యుద్ధకాలంలో రైల్వేలు తమ సిబ్బందికి ప్రత్యేకంగా ధాన్యపు దుకాణాలు నడిపాయి. నెలనెలా గింజలు దొరికే కార్మికుడు ఒకవైపు, డొక్కలెండిన రైతు మరొకవైపు. అక్కడ వంత నోట రావలసిన ప్రశ్న వేరు, శ్రోత తన సంచి వైపు చూచుకునే ప్రశ్న. ఒకే కథ రెండు కథలయ్యేది ఈ స్థానంలోనే. దీనిని పట్టించుకోని విమర్శ బుర్రకథలో మూడింట ఒక వంతునే చదివినట్లు.

పోలికకూ హద్దులున్నాయి. పంక్ యాత్రలో సహాయ బృందం ముందుగా పాడి దిగిపోతుంది. ప్రధాన బృందంతో పొసగకపోతే విడిపోతుంది కూడా. ‘వైట్ రయట్’ యాత్ర నుండి ద జామ్ మధ్యలోనే తప్పుకున్నది. వంతకు ఆ వెసులుబాటు లేదు. కథ మొదటి నుండి మంగళం దాకా అతడు నిలిచే ఉండాలి, కథకుని తప్పును తన నవ్వుతో కప్పాలి, పేరు మాత్రం ఆశించరాదు. ఇక ఖరగ్‌పూర్‌లోనే, 1951లో పూర్వపు హిజిలీ నిర్బంధ శిబిర భవనంలో ఆరంభమైన ఐఐటీలో, విద్యార్థుల స్ప్రింగ్ ఫెస్ట్‌లో రాక్ బృందాలు పోటీ పడుతుంటాయి. పాల్గొన్న ప్రతి బృందమూ తన సభ్యులందరి పేర్లూ చెప్పుకుంటుంది. రైల్వే వాడలో పుట్టిన తెలుగు యువకుడు దానిని చూచి, తన తాతలు విన్న కథల్లో ప్రక్కన నిలిచినవారెవరని అడిగితే చూపడానికి మన గ్రంథాలయాలలో ఏమున్నది?

సినిమా కొంత ఆదుకున్నది. 1954 నాటి ‘అగ్గిరాముడు’లోని నాజర్ బుర్రకథలో వంతల మెలకువను నేటికీ చూడవచ్చు. అయితే కెమెరా ముందు వారి మాట కూడా స్థిరపాఠమే, ఊరికి తగినట్లు మారే గుణం అందులో పోయింది. పద్మ పురస్కారాలు వ్యక్తులకు ఇచ్చేవి గనుక అక్కడ ముగ్గురికి చోటు లేదు; దానిని తప్పుపట్టలేము.

విచిత్రమేమంటే, విమర్శకులు వదిలివేసిన ఈ పేర్లు ప్రభుత్వపు లెక్కల కాగితాలలో మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. 1954లో కేంద్రం సాంగ్ అండ్ డ్రామా డివిజన్‌ను నెలకొల్పిన తరువాత, కుటుంబ నియంత్రణ మొదలు చిన్నమొత్తాల పొదుపు దాకా ఎన్నో ప్రచారాలకు బుర్రకథ దళాలను వినియోగించారు. అధికార ప్రచారానికి వాడడం వల్ల రాజకీయపు వంత పదును మొద్దుబారిందన్న విమర్శలో నిజమున్నది. కాని పారితోషికం చెల్లించేటప్పుడు కార్యాలయం ‘తదితరులు’ అని వ్రాయలేదు. ముగ్గురుంటే మూడు పేర్లు, మూడు సంతకాలో వేలిముద్రలో, ప్రదర్శన తేదీ, ఊరు, ప్రయాణపు ఖర్చు నమోదు కావలసిందే. పంక్ చరిత్రకారులు పాత కరపత్రాల నుండి కూర్చుకున్న సమాచారం మన దగ్గర ఆడిట్ నిమిత్తం తనంత తానే పోగయింది. ఈ దస్త్రాలకు నియమిత కాలపరిమితి ఉంటుంది. గడువు తీరిన బిల్లులను జాబితా వ్రాసి ధ్వంసం చేయడం అన్ని కార్యాలయాలలోనూ జరిగే పనే. సాంస్కృతిక శాఖలు, పురావస్తు కార్యాలయాలు ఆ జాబితాలపై సంతకం పెట్టే ముందు కళాదళాల చెల్లింపు పట్టీలను వేరుచేసి భద్రపరచడానికి ఒక్క ఉత్తర్వు సరిపోతుంది. ఉద్యోగ విరమణ చేసిన ప్రచార సిబ్బంది ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఏ వేలిముద్ర హాస్యపు వంతదో, ఏది రాజకీయపు వంతదో చెప్పగలవారు వారే.