పల్లికాయ బూజు, రొమ్ము కణం, ఒక చక్కటి ప్రయోగం

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగి పల్లికాయ మార్కెట్‌కు వచ్చినప్పుడు కొనేవాళ్లు ముందు గుప్పెడు కాయలు ఒలిచి చూస్తారు. గింజ నిండుగా ఉందా, తేమ ఆరిందా, బూజు పట్టిందా అని. ఈ చివరి ప్రశ్న ఎంత పెద్దదో ప్రపంచానికి 1960లో తెలిసింది. ఆ ఏడాది ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వాటి దాణాలో కలిపిన పల్లిచెక్కకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టిందనీ, ఆ బూజు తయారుచేసిన విషమే కోళ్లను చంపిందనీ తేలింది. ఆ విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు.

మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో బూజు పట్టిన మక్కలు తిని 397 మంది జబ్బుపడ్డారు, వాళ్లలో 106 మంది చనిపోయారు. అది అఫ్లటాక్సిన్ పనే అని తేల్చింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ బృందం. ఆ బృందంలోని కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి నల్లగొండ జిల్లాకు కొత్తవారు కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి 1973లోనే లాన్సెట్ పత్రికలో రాసినవారిలో ఆయన ఒకరు.

తిండిలో విషం ఉందని తేల్చడం ఒక ఎత్తు. ఆ విషం ఏ అవయవంలోని కణాన్ని పట్టుకొని జన్యువును మారుస్తుందో తేల్చడం మరో ఎత్తు. ఈ రెండో పని కోసం శాస్త్రవేత్తలు రొమ్ము కణాలతో కట్టిన ఒక ప్రయోగం ఉంది. దాని పనితనం దగ్గరగా చూడదగ్గది.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. తిండి ద్వారా వచ్చే క్యాన్సర్ కారకాల్లో చాలావాటికి నేరుగా డీఎన్ఏ జోలికి పోయే శక్తి లేదు. వాటిని బయటికి పంపేద్దామని శరీరమే ఎంజైములతో మార్చబోతుంది, ఆ మార్పులోనే అవి పదునెక్కుతాయి. అఫ్లటాక్సిన్ బి1 కాలేయంలో ఎపాక్సైడ్‌గా మారి డీఎన్ఏలోని గ్వానిన్‌కు అతుక్కుంటుంది. నిప్పుల మీద మాడిన, పొగబెట్టిన తిండిలో ఉండే బెంజోపైరీన్‌దీ, బాగా వేయించిన మాంసంలో పుట్టే పీహెచ్ఐపీదీ ఇదే తీరు. పీహెచ్ఐపీని 1986లో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో గుర్తించారు. ఆడ ఎలుకల్లో అది రొమ్ము కణితులను పుట్టిస్తుందని ఆ తర్వాత తేలింది.

1973 నాటికి బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్త ఈ చిక్కుకు ఒక దారి చూపాడు. బ్యాక్టీరియాకు ఎలుక కాలేయపు రసం కలిపి రసాయనాలను పరీక్షించాడు. చవకైన, వేగమైన, గొప్ప పరీక్ష అది. కానీ అక్కడ రసాయనాన్ని మార్చేది కాలేయమే. రొమ్ము కణం తనంతట తాను ఆ పని చేయగలదా అని అడిగితే ఆ పరీక్ష దగ్గర జవాబు లేదు.

మరి నేరుగా రొమ్ము కణాలనే పెంచి, వాటిలో మార్పులు లెక్కపెట్టవచ్చు కదా? అక్కడే ఉంది కష్టం. జన్యు మార్పు లక్షల కణాల్లో ఏ కొన్నింటికో జరుగుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఒక్కో కణం ఒక్కో గుంపుగా పెరగాలి. గ్రంథి నుంచి అప్పుడే విడదీసిన రొమ్ము కణాలు అలా తేలిగ్గా పెరగవు.

అందుకని పనిని ఇద్దరికి పంచారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ గూల్డ్ 1980లో ప్రచురించిన పద్ధతిలో ఎలుక క్షీరగ్రంథి కణాలను, వీ79 అనే కణాలను ఒకే పాత్రలో కలిపి పెంచారు. వీ79 చైనా హామ్‌స్టర్ ఊపిరితిత్తి నుంచి వచ్చిన కణజాతి. అది జోరుగా పెరుగుతుంది, గుంపులు కడుతుంది, కానీ ఇలాంటి రసాయనాలను పదునెక్కించే ఎంజైములు దానికి లేవనే చెప్పాలి. రసాయనాన్ని మార్చే పని రొమ్ము కణానిది, దెబ్బను చూపించే పని పక్కనున్న వీ79ది.

లెక్క తీసే తీరు ఇంకా ముచ్చటైనది. ఇలాంటి పరీక్షల్లో తరచుగా వాడే మందు 6-థయోగ్వానిన్. కణంలో హెచ్‌పీఆర్‌టీ అనే ఎంజైమ్ ఉంటే ఆ మందును లోపలికి కలుపుకొని కణం చచ్చిపోతుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు పాడైన కణమే బతికి గుంపు కడుతుంది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, కణంలో పనిచేసే ప్రతి ఒకటే. కాబట్టి ఒక్క దెబ్బ తగిలినా బయటపడుతుంది, చాటున కాపాడే రెండో ప్రతి లేదు.

అయితే దెబ్బ తగలగానే మందు పోయకూడదు. జన్యువు పాడైనా అంతకు ముందు తయారైన ఎంజైమ్ కణంలో ఇంకా మిగిలే ఉంటుంది. కణాలు వారం రోజుల దాకా విభజన చెందుతూ పోతే ఆ పాత ఎంజైమ్ పలచబడి అరిగిపోతుంది. అంతవరకూ ఆగాలి. తొందరపడితే నిజంగా మారిన కణాలు కూడా చచ్చిపోయి లెక్క తప్పుతుంది. పక్కనే మందు లేని పాత్రల్లో కూడా కణాలు చల్లి, అసలు ఎన్ని బతికాయో చూస్తారు. బతికిన పది లక్షల కణాలకు ఎన్ని మారాయన్నదే చివరి అంకె.

ఈ అంకెను నమ్మవచ్చా? అందుకే వీ79 కణాలతో మరికొన్ని పాత్రలు పెడతారు. ఒకదానిలో రసాయనం ఉంటుంది, రొమ్ము కణాలుండవు. ఇంకోదానిలో రొమ్ము కణాలుంటాయి, రసాయనం ఉండదు. ఆ రెండు పాత్రలూ దాదాపు ఖాళీగా మిగిలి, రసాయనమూ రొమ్ము కణాలూ కలిసిన చోటే గుంపులు ఎక్కువగా పెరిగితే తప్ప రొమ్ము కణం మీద మాట పడదు. ఇన్ని ఖాళీ పాత్రలు పెట్టడంలోనే పనివాడి నిజాయితీ కనిపిస్తుంది.

గూల్డ్ ప్రయోగంలో, ఎలుకల్లో రొమ్ము కణితులు కలిగించే డీఎంబీఏ అనే రసాయనాన్ని క్షీరగ్రంథి కణాలు పదునెక్కించాయి, పక్కనున్న వీ79 కణాల్లో మార్పులు కనబడ్డాయి. 1982లో ఇదే పద్ధతిని మనిషి రొమ్ము కణాలతో చేసి చూపించారు. అంతకుముందే, 1978లో, రాబర్ట్ లాంగెన్‌బాక్ బృందం కాలేయ కణాలను వీ79 పక్కన పెట్టి అఫ్లటాక్సిన్‌ను పరీక్షించింది. ఆ విషాన్ని పదునెక్కించే ఇల్లు కాలేయమే. 1991లో, తిండిలో అఫ్లటాక్సిన్ ఎక్కువగా ఉండే చైనా, దక్షిణాఫ్రికా ప్రాంతాల కాలేయ క్యాన్సర్లలో, కణితులను అడ్డుకునే పీ53 జన్యువు 249వ స్థానంలో ఒకే రకం మార్పు పదేపదే కనబడినప్పుడు ఆ మాటకు మనుషుల్లోనే బలమైన ఆధారం దొరికింది. ఏ విషం ఎక్కడ పనిచేస్తుందన్నది అవయవాన్ని బట్టి ఉంటుందని ఈ పనులన్నీ కలిసి నేర్పాయి.

పోలిక కోసం ఖాళీ పాత్రలు పెట్టే ఆ క్రమశిక్షణే హైదరాబాదులోనూ కనిపిస్తుంది. 1992లో పోషకాహార సంస్థకు చెందిన కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి తదితరులు 16 మంది పొగతాగేవాళ్లకు రోజుకు 1.5 గ్రాముల చొప్పున 30 రోజులు పసుపు ఇచ్చి, వాళ్ల మూత్రంలో జన్యు మార్పులు తెచ్చే పదార్థాలు తగ్గాయని ఏమ్స్ పరీక్షతో చూపించారు. పోలిక కోసం పొగతాగని ఆరుగురిని కూడా పెట్టుకున్నారు. పసుపు క్యాన్సర్‌ను ఆపుతుందని ఆ ప్రయోగం రుజువు చేయలేదు. మూత్రంలో కొలిచింది ఏమిటో అంతవరకే చెప్పింది.

పల్లి తింటే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఈ ప్రయోగాల్లో ఏదీ అనలేదు. బూజు పల్లీ నుంచి వచ్చే ముప్పు ముఖ్యంగా కాలేయానికి. కోతకు ముందు చేనుకు నీటి ఎద్దడి రాకుండా చూడడం, గింజలో తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టడం, రంగు మారిన గింజలు ఏరి పారేయడం మన చేతుల్లో ఉన్న పనులు. వేయించినంత మాత్రాన అఫ్లటాక్సిన్ పూర్తిగా పోదు.

పాలమూరు, నల్లగొండ కాలేజీల్లో జీవశాస్త్రం చదివే పిల్లలకు ఈ రెండు కణాల ప్రయోగాన్ని తప్పకుండా చెప్పాలని నా కోరిక. ఏ తిండి ఏ జబ్బు తెస్తుందన్న మాట ఎవరు చెప్పినా, దాని పక్కన పెట్టాల్సిన ఖాళీ పాత్ర ఏదని అడగడం వాళ్లకు అప్పుడే అలవాటవుతుంది.